అటక మీద పరిచిన పట్టా

"...అందుకే మూడేళ్ళుగా మొత్తుకుంటున్నా, ఆ ప్లాస్టిక్ పట్టా ఎత్తి చూద్దామని. నా మాట వింటే కదా," అన్నాడు యోర్మా నిచ్చెన మీద నుంచే.

"నీ మాట వింటే ఈపాటికి ఇంటికి కప్పే ఉండేది కాదు," అన్నాడు ఎన్సియో అటకలోంచి. "పాత రంపపు పొట్టు మీద కొత్త పొట్టు ఓ జానెడు పోస్తే సరిపోతుంది. దిగు."

"మా నాన్న కట్టిన ఇల్లు బావా ఇది. చూసే దిగుతా."

యోర్మా వడ్రంగి, ఎన్సియో భార్య మైరెకు తమ్ముడు. మైరె పదకొండు రోజులుగా కయానీ ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో ఎక్కడో బూజు ఉందనీ, అదేదో కనిపెట్టి తీసేసేదాకా ఆమెను ఆ ఇంటికి పంపవద్దనీ ఊపిరితిత్తుల డాక్టరు చెప్పింది.

ఎన్సియో ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. కుహ్మో రంపపు మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు చెక్క పలకలు పేర్చాడు. మామ ఏలిస్ యుద్ధం నుంచి తిరిగొచ్చి, సొంత చేతులతో కట్టుకున్న ఇల్లది. అల్లుడు పొయ్యిలో కట్టె పెట్టినా పక్కన నిలబడి సరిచేసేవాడు. అల్లుడు గోడకు మేకు కొడితే, మర్నాడు పీకి పక్కన ఇంకోటి కొట్టేవాడు. మాట అనేవాడు కాదు. ఆ అనకపోవడమే ఎన్సియోను ఎక్కువ బాధించేది.

ఇళ్ళు వెచ్చబెట్టే చమురు ధర మండిపోయిన డెబ్బై తొమ్మిదిలో, చలికాలం రాకముందే ఎన్సియోకు ఒక ఆలోచన వచ్చింది. మిల్లులో పలకల దొంతర మీద పట్టా కప్పుతారు, తడి దిగకుండా, గాలి దూరకుండా. అటకలో చలి దిగకుండా మామ పోసిన రంపపు పొట్టు మీద కూడా అలాగే ప్లాస్టిక్ పట్టా పరిచాడు. ఇరుగుపొరుగు నలుగురూ సాయం వచ్చారు. మైరె బఠాణీల పులుసు కాచింది. ఆ సాయంత్రం ఆవిరి గదిలో, వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ మామ, "పనికొచ్చే పని చేశావు," అన్నాడు. చనిపోయేదాకా అలాంటి మాట మళ్ళీ అనలేదు.

యోర్మా వంగి నడుస్తూ వచ్చి పట్టా అంచు పట్టుకున్నాడు. ఎన్సియో వద్దనలేదు. పట్టా లేచింది. దాని అడుగున నీటి చుక్కలు వరసలుగా వేలాడుతున్నాయి. కింద పొట్టు నల్లబడి, ముద్దలు కట్టి, బంగాళాదుంపలు కుళ్ళిన నేలమాళిగలా కంపు కొట్టింది.

"కప్పు కారిందేమో," అన్నాడు ఎన్సియో.

యోర్మా లైటు తిప్పి కప్పు పలకలన్నీ చూపించాడు. ఎక్కడా మరక లేదు. తర్వాత గోడ వారకు తిప్పాడు. అక్కడ పట్టా చాలలేదు. ఆ మూరెడు మేరా పొట్టు పొడిగా, గోధుమరంగులో, నిన్న పోసినట్టుంది.

"తడి పైనుంచి రాలేదు బావా. వంట ఆవిరి, మనుషుల ఊపిరి, అంతా కిందనుంచే. పొట్టు దాన్ని పీల్చుకుని మెల్లగా పైకి వదిలేది. నువ్వు మూత పెట్టావు."

ఎన్సియో అటక దూలాలు లెక్కపెట్టాడు. పొగగొట్టం నుంచి నాలుగోదాని కింద పడకగది. నల్లని ముద్దలు అక్కడే ఎక్కువ. తొమ్మిది చలికాలాలు మైరె అక్కడ పడుకుని దగ్గింది. చలిగాలి పడలేదన్నాడు ఒక ఏడు, భూర్జచెట్ల పుప్పొడి అన్నాడు ఇంకో ఏడు. దిండ్లు మూడుసార్లు మార్పించాడు.

కిందికి దిగి కాఫీ పోసుకున్నారు. ఫోను మోగింది. మైరె.

"ఎక్కారా?"

"ఎక్కాం."

"బూజేనా?"

"బూజే."

ఆమె దగ్గు ఆగేదాకా ఎన్సియో ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. 

"నాన్నని ఏమీ అనకు ఎన్సియో," అంది. "ఆ రోజుల్లో మిల్లులో ఊరికే ఇచ్చారని పొట్టు పోశాడు. పాపం ఆయనకేం తెలుసు. నాకేం కోపం లేదు."

అతను చెప్పబోయేలోపే ఆమె మాట మార్చింది. 

"యోర్మాకి నా కప్పులో కాఫీ పొయ్యకు. పోయినసారి ఒకదాని పిడి విరగ్గొట్టాడు," అని పెట్టేసింది.

యోర్మా కప్పు కింద పెట్టాడు. అంతా విన్నాడు.

"అక్కని అలాగే అనుకోనీ," అన్నాడు. "నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది. ఆయనకి కొత్తగా పొయ్యేదేముంది?"

"తీసేస్తే ఆమెకి తగ్గుతుందా?"

"నీకు చెప్పిందేగా డాక్టరు. ఇంకా పాడవకుండా ఆగుతుంది. పోయిన ఊపిరి తిరిగి రాదు."

ఎన్సియో చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. కిటికీ బయట కప్పు మీది మంచు కరిగి కారుతోంది. యోర్మా ఇంకో కప్పు పోసుకుని, తాగి, సాధనాల పెట్టె మూత వేశాడు.

"సరే, ఏం చేద్దామంటావ్? రేపు మనుషుల్ని పిలవాలి."

"అంతా తోడెయ్. పొడిది కూడా," అన్నాడు ఎన్సియో. "కింద కాగితం పరిచి, పొట్టు బదులు కాగితపు పీచు ఊదించు. పైన మూత వద్దు. నేను రెండింటి బస్సుకి కయానీ వెళ్తున్నా. పట్టా వేసింది నేనని మైరెకి చెప్తా."