పగలు పండినోన్ని లేపద్దంటరు

సార్ పోయిండని మొన్న పొద్దుగాల దవఖానకెళ్లి ఫోనొచ్చింది. హిందీల చెప్పిండ్రు. నేను "అచ్ఛా" అన్న, గంతే.

సార్ అంటే బడి సార్ కాదు. మేం బతుకుదెరువుకొచ్చిన భేస్తాన్ బస్తీల మా పక్క ఖోలీల ఒక్కడే ఉండేటోడు. రాత్రంత కార్ఖానల బట్ట నేసే సాంచలు నడిపి, పగలు పండి, సాయంత్రం గల్లీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేటోడు. తప్పు చెప్పిన పిల్లను గూడ "జవాబుకు బాగ దగ్గరికొచ్చినవ్" అనేటోడు. నేను చీరలకు రాళ్లు అంటించుకుంట పక్కన కూసుంటే, "వినుడొక్కటేనా అక్కా? పలుకు" అని నాకూ ఒక పలక ఇచ్చిండు. నలభై దాటినంక నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినయంటే ఆయన పుణ్యమే.

ఒకనాడు 'అస్యూమ్' అనే మాట చెప్పిండు.

"అనుకునుడే గద సార్?" అన్న.

"కాదక్కా. అనుకున్నోడు జర అనుమానం ఉంచుకుంటడు. అస్యూమ్ చేసినోడు చూడకముందే ఖాయం చేస్కుంటడు. సాంచ చప్పుడైతుంది గద, పోగు తెగలేదని కూసుంటడు. లేచి చూసేసరికి బట్టంత ఖరాబు." మళ్ల నవ్వి, "ఈ మాట ముందుగాల్ల ఎవ్వల నోట్లకెళ్లి రాదు. తప్పు బయటపడ్డంకనే 'ఐ అస్యూమ్డ్' అంటరు" అన్నడు.

"ఇంగ్లీషోల్లకు సాకు గూడ ఒక్క మాటల దొరికింది" అన్న నేను. పిల్లలంత నవ్విండ్రు.

కరోన రెండోసారి వచ్చినప్పటిసంది అంబులెన్స్ కూత వింటేనే కిటికీలు మూసుకుంటున్నం. పోయిన వారం సార్ తలుపు రెండు రోజులు మూసే ఉన్నది. మా తాన ఒక పద్ధతుంది. నైట్ పాళీ చేసినోన్ని పగలు లేపద్దు. నిద్ర సాలకుంటే సాంచల చెయ్యి పోతది. అందుకే "సార్ పండిండు, లొల్లి జేయకుండ్రి" అని పిల్లలను కసిరిన. సాయంత్రం గూడ బయటికి రాకుంటే పాళీ మారిందనుకున్న.

మూడోనాడు తలుపు నూకిన. గడె గూడ పెట్టి లేదు. నేల మీద పడి ఉన్నడు, ఊపిరి ఎగపోస్తుండు. నన్ను చూసి మెల్లగ అన్నడు, "పిల్లలను కసురుతుంటే నీ గొంతు ఇనబడ్డదక్కా. పిలుద్దామంటే గాలి సాలలే."

అంబులెన్స్‌ల దవఖానకు తీస్కపోయినం. రెండు రోజులు ముందు తెస్తే బతికేటోడా అని డాక్టర్‌ను అడగలే. అవునంటడేమోనని భయం. నిజం చెప్పాల్నంటే, పద్ధతన్నది సగం కారణమే. ఆ తలుపెనుక ఏముందో చూసుడు నాకు భయమైంది. పండిండనుకుంటే నాకు సుఖంగ ఉండె. సార్ చెప్పిన 'అస్యూమ్' మాట నాకు అర్థమైందనుకున్న గని, అర్థం కాలే.

మా ఆయనది గూడ నైట్ పాళీనే. నిన్న మధ్యాహ్నం పండుకున్నడు. ఖోలీల చప్పుడు లేదు. పోయి ముక్కు కాడ వేలు పెట్టిన. ఉలిక్కిపడి లేచి, "ఏందే, పిచ్చి లేసిందా? నిద్ర పాడు చేసినవ్" అని తిట్టిండు. తిట్టనిచ్చిన. తిట్టి తిట్టి అటు మర్లి పండిండు. నేను మంచం పక్కన కూసుని, అంగీ మీదికి లేచుడు, కిందికి దిగుడు చూసుకుంట ఆయన పాళీకి పోయే యాళ్లదాంక కదలలే.