పిడికెడు బియ్యపు గంట

ఏలూరులో మా వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా ఎండిన వేపాకు వాసన గుప్పుమంటుంది. ఇప్పటి బియ్యానికి పురుగు పట్టదని అందరూ అంటారు, నిజమే కావచ్చు, కానీ నేను వేపాకు వేసేది పురుగు కోసం కాదు, ఆ వాసన కోసం. అన్నానికి సరిపడా బియ్యం గిన్నెలో పోసుకున్నాక నా చెయ్యి దానంతటది మళ్ళీ గిన్నెలోకి వెళ్ళి ఒక పిడికెడు వెనక్కి తీస్తుంది. తీశాక ఎక్కడ పొయ్యాలో తెలియక గాల్లో ఆగిపోతుంది. ఆ పిడికెడు పోసే కుండ ఇప్పుడు లేదు.

ఆ కుండ మా మామ్మది. నాన్నగారి తల్లి. మేమంతా అప్పుడు కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊళ్ళో ఉండేవాళ్ళం. పందొమ్మిది వందల యాభైలలో ఆ ఊరికి రోడ్డు లేదు. ఎండాకాలం బురదలో నడిచి, మిగతా కాలమంతా తాటిదోనె ఎక్కి, గుండుగొలను వైపు గట్టెక్కితే అక్కడ బస్సు. నాన్నగారు ఊరి బడిలో మేష్టారు, ఆదివారం మందిరంలో వాక్యం చెప్పేదీ ఆయనే. ఊళ్ళో విశ్వాసుల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మిగిలినవన్నీ కొల్లేటి మీద వేట చేసుకునే వాళ్ళ ఇళ్ళు, వాళ్ళ అమ్మవారికి వాళ్ళు జాతర చేసుకునేవాళ్ళు, మా క్రిస్మస్‌కి మేం బెల్లం పోకుండలు వండి పంచేవాళ్ళం, ఎవరి దేవుణ్ణి వాళ్ళు మొక్కుకుంటూనే ఒకరి చంటిపిల్లల్ని ఒకరు ఎత్తుకు తిరిగేవాళ్ళం.

మామ్మకి చదువు బైబిలు మట్టుకే వచ్చు, కానీ ఆవిడ బైబిలు అట్టల మధ్య ఉండేది కాదు, ఇల్లంతా పరుచుకుని ఉండేది. చేటలో బియ్యం చెరుగుతూ సాతాను పేతురుని ఇలాగే జల్లించబోయాడే అనేది. పోపులో ఆవాలు చిటపటలాడితే ఇంత గింజలోంచి అంత చెట్టు వస్తుందన్నాడు ప్రభువు, చూశావా, నువ్వూ అలా ఎదుగుతావులే అని నా బుగ్గ పుణికేది. చలికాలం గూడబాతులు గుంపులుగా దిగి, పొడుగాటి ముక్కుల కింద సంచులు వేలాడేసుకుని నీళ్ళల్లో తేలుతుంటే, విత్తవు కొయ్యవు, వీటికి ఆకలేస్తే ఆయనే చూసుకుంటున్నాడు, నీకు బడికి కొత్త గౌను లేదని ఏడుపొకటి అనేది. కిక్కిస గడ్డి గాలికి ఒకవైపే వాలడం, నీళ్ళల్లో మునిగిన బాతు పొడిగా పైకి రావడం, లాంతరు చిమ్నీ తుడవకపోతే దీపం ఉండీ లేనట్టే ఉండడం, ఆవిడకి అన్నీ పాఠాలే. చిమ్నీలో నా చెయ్యి పట్టేది గనక తుడిచేదాన్ని నేను. ముగ్గుతో తుడిచి పట్టుకెళితే వెలుగుకి ఎదురుగా తిప్పి చూసి, "పరలోకంలో నీకు ఇదే పని ఇస్తారే" అనేది. అప్పట్లో నాకది పొగడ్తో శాపమో తెలిసేది కాదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం పిడికెడు బియ్యం. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది, దాని మీద సున్నంతో వేసిన సిలువ గుర్తు. అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు ఆ కుండలో పోసి, ఆదివారం మందిరానికి తీసుకెళ్ళి అక్కడి పెద్ద బానలో గుమ్మరించాలి. ఓసారి అమ్మ పనుల తొందరలో బియ్యం బస్తాలోంచి తిన్నగా పిడికెడు తీసి కుండలో వేసింది. మామ్మ చూసింది.

"అదేంటమ్మాయ్, బస్తాలోంచి తీశావ్?"

"ఎక్కణ్ణించి తీస్తే ఏంటండీ అత్తయ్యగారూ, బియ్యమే కదండీ."

"కాదమ్మా. బస్తాలోంచి తీస్తే అది మిగులు. ఎసట్లోకి పోయేదాంట్లోంచి తీస్తేనే కానుక. మన కంచంలో ఒక ముద్ద తగ్గాలి, తగ్గినట్టు మనకి తెలియాలి."

అమ్మ నవ్వుతూ ఆ పిడికెడు బస్తాలో పోసేసి, కొలిచి పెట్టుకున్న గిన్నెలోంచి మళ్ళీ తీసింది. గుమ్మంలో చేపల గంపతో నిలబడ్డ నూకాలు ఇదంతా వింది. నూకాలు మా పక్క వీధిలో వేట చేసే సత్తియ్య భార్య, గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. "ఒక ముద్ద తగ్గితే మీ దేవుడికి తెలిసిపోద్దాండీ మామ్మగారూ?" అంది. "ఆయనకి తెలీదేమోగానీ నాకు తెలుస్తుందిగా" అంది మామ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు, పరిగె చేపల బేరం మొదలైంది.

మామూలుగా ఆ బియ్యం అమ్మి మందిరం ఖర్చులకి వాడేవాళ్ళు, వరద వచ్చిన ఏడు మాత్రం అమ్మకుండా దాచారు. మామ్మ పట్టుబట్టి దాచిపెట్టించింది, గంట కోసం. మా మందిరానికి గంట లేదు, వాకిట్లో పాతిన గుంజకి ఒక రైలుపట్టా ముక్క వేలాడేది, నాన్నగారు దాన్ని ఇనపకడ్డీతో కొడితే ఆ చప్పుడు పక్క వీధి దాటేది కాదు. మామ్మ పుట్టిల్లు పెంటపాడు. అక్కడి మందిరం గంట వరిచేలంతా పాకేదనీ, నాట్లు వేసే వాళ్ళు ఆ గంట విని నడుములెత్తే వాళ్ళనీ చెప్పేది. కానీ ఆవిడ గంట అడిగింది పుట్టింటి మీద బెంగతో కాదు. నేను పుట్టకముందు ఒక డిసెంబరు పొద్దున తాతయ్యగారు గుండుగొలను నుంచి వస్తూ పొగమంచులో దారి తప్పారు. కొల్లేటి మంచు అంటే తెలియని వాళ్ళకి చెప్పడం కష్టం, దోనె ఈ కొసన కూర్చున్న మనిషికి ఆ కొసన ఉన్న మనిషి కనపడడు. ఆయన ఊరి చుట్టూనే తిరుగుతూ, ఊరెటో తెలియక, నాచులో చిక్కుకుని పొద్దెక్కేదాకా తడిసి వణికి, ఆ జ్వరంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మందిరం వాకిట్లో మామ్మ ఆ పట్టా ముక్కని చేతులు బొబ్బలెక్కేలా కొట్టిందట. ఆయనకి వినపడలేదు.

అందుకని ఒక గంట. పండగ ముందు బియ్యాన్ని గూడెం తీసుకెళ్ళి, తాడేపల్లిగూడాన్ని మేం గూడెం అనే అంటాం, అక్కడ అమ్మి, అక్కడే గంట కొని, ఆ మంచుకాలానికి కట్టించాలని మామ్మ ఆశ. రోజూ సాయంత్రం మందిరానికి వెళ్ళి బాన మూత తీసి, వేపాకులు పక్కకి జరిపి, బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసేది. భుజం దాకా రావాలి అనేది.

భుజం దాకా వచ్చేసరికి వరద వచ్చింది. ఎగువన తమ్మిలేరూ బుడమేరూ పొంగి అన్నీ కొల్లేట్లోకే దిగాయి. తెల్లారి లేచేసరికి వేట చేసే వాళ్ళ పాకలు చూరుల దాకా మునిగాయి. వలలు కొట్టుకుపోయాయి, మందిరం వాకిట్లో గుంజ కూలి రైలుపట్టా ముక్క ఎటుపోయిందో పోయింది. మెరక మీద ఉన్నవి మా ఇల్లూ మందిరమూ మరో నాలుగు కొంపలూ. అందరూ పిల్లల్నీ కోళ్ళనీ చంకనేసుకుని మందిరం అరుగుల మీదికి చేరారు. నూకాలు తడిసిన చీరతో, సత్తియ్య భుజం మీద ముసలి తల్లితో వచ్చారు. ఇళ్ళల్లో ఉన్న బియ్యమంతా మొదటి పూటకే అయిపోయింది.

మర్నాడు పిల్లల ఏడుపు మొదలైంది. మామ్మ మందిరంలోకి వెళ్ళి బాన దగ్గర మోకరించింది. చాలాసేపు రాలేదు. నేను తలుపు సందులోంచి చూశాను, ఆవిడ ప్రార్థన చేస్తున్నట్టు లేదు, బానని రెండు చేతులా పట్టుకుని దాని మీద తల ఆనించి ఉంది. తర్వాత లేచి, మూత తీసి, "అమ్మాయ్, పెద్ద డేగిసా తీసుకురా" అని అమ్మని కేకేసింది.

సంఘపెద్ద దావీదు మావయ్య అడ్డొచ్చాడు. మంచివాడే, నియమం మనిషి. "అదేంటత్తా, దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటామా?"

"వెనక్కి కాదురా, ముందుకే ఇస్తున్నాం. ఆయనే వచ్చి అరుగు మీద తడిసి కూర్చుంటే లోపల ఆయన బియ్యం దాస్తావేంట్రా?"

దావీదు మావయ్య అరుగు వైపు చూశాడు. అక్కడ సత్తియ్య తల్లి పళ్ళులేని నోటితో ఏదో నములుతున్నట్టు దవడలాడిస్తోంది. వెళ్ళి పొయ్యి రాళ్ళు పేర్చాడు.

నీళ్ళు తీసేదాకా ఆ బియ్యంతో జావా, అన్నమూ. నీళ్ళు తీశాక ఒక్కో కుటుంబం పాక కట్టుకోవడానికి వెళుతుంటే, పొయ్యి వెలిగించుకోవడానికి చేతిలో ఏదైనా ఉండాలని, సంఘంలోని సిలువ గుర్తు కుండలన్నీ తెప్పించి, వాటి నిండా మిగిలిన బియ్యం పోసి రెండు మూడిళ్ళకి కలిపి ఒకటి ఇచ్చింది మామ్మ. నూకాలు చేతులు చాచలేదు. "మీ గంట కదండీ ఇది" అంది. "పట్టుకో అమ్మా, చెయ్యి నొప్పెడుతోంది" అంది మామ్మ. బాన అడుగున నాలుగు వేపాకులు మిగిలాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది, వస్తువుతో వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగి పంపకూడదు. కొన్ని వారాలకి ఒక ఆదివారం నాన్నగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే వేట చేసే వాళ్ళ ఆడవాళ్ళంతా తలంటుకుని, బొట్లు పెట్టుకుని, వరసగా మందిరంలోకి వచ్చారు, చేతుల్లో మా కుండలు. కుండ మీద సిలువ ఉంది గనక అది దేవుడి ఇంటికే చేరాలని వాళ్ళు అనుకున్నారు. తిన్నగా వెళ్ళి, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద వరసగా పెట్టి దణ్ణం పెట్టారు. కుండల్లో ఎండు పరిగెలు, ఎండు రొయ్యలు, ఉప్పు పట్టించిన ఇంగిలాయి చేపలు. ఆ వేళ ఆరాధనలో మనుషులకన్నా పిల్లులు ఎక్కువ. పాట పాడుతుంటే అవీ శ్రుతి కలిపాయి. దావీదు మావయ్య పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అత్తా, ప్రభువు బల్ల మీద ఈ కంపేంటి" అని గొణిగాడు.

"ఊరుకోరా. పేతురూ చేపలు పట్టినవాడే, ఆయన వల సంపెంగలు పూసిందనుకున్నావా?" అంది మామ్మ. సంఘమంతా నవ్వేసింది, ప్రార్థన ఆలస్యంగా మొదలైంది. బల్ల మీద గుడ్డ ఎన్ని ఉతుకులు ఉతికినా క్రిస్మస్ దాకా వాసన పోలేదు.

ఎండు చేపలకి గంట రాదు. అది అందరికీ తెలుసు. మామ్మ సాయంత్రాలు మందిరానికి వెళ్ళడం మానలేదుగానీ బాన మూత తీసేది కాదు.

క్రిస్మస్ ముందురోజు. పండక్కి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇవ్వడానికి పట్నం నుంచి పాదిరి అయ్యగారు రావాలి, ఆయన్ని తీసుకురావడానికి నాన్నగారు అంతకు ముందు రోజే దోనెలో గుండుగొలను వెళ్ళారు. తెల్లవారగానే బయల్దేరి వచ్చేస్తామన్నారు. తెల్లవారింది, కానీ తెల్లవారినట్టు లేదు. తలుపు తీస్తే గుమ్మం ముందు తెల్లటి గోడ. రాత్రి మేం వెదురుబద్దలకి రంగు కాగితం అంటించి చూరుకి కట్టిన నక్షత్రం కూడా కనపడలేదు. పొయ్యి మీద పోకుండల నూనె కాగుతోంది, అమ్మ పిండి ఉండ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మామ్మ శాలువా కప్పుకుని ఒడ్డుకి నడిచింది. నేను ఆవిడ చీర కొంగు పట్టుకుని వెళ్ళాను, పట్టుకోకపోతే ఆవిడా కనపడదు.

కొడదామంటే పట్టా ముక్క లేదు, గంట లేదు. మామ్మ నాన్నగారిని పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపు దూదిలో గుచ్చిన సూదిలా మంచులోకి దిగి అక్కడే పోయింది. మళ్ళీ పిలిచింది. "ప్రభువా, తండ్రినిచ్చాను, కొడుకుని అడక్కు" అంది. మామ్మ దేవుడితో అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

వెనక నుంచి నూకాలు గొంతు. "మేష్టారు ఇంకా రాలేదాండీ?" జవాబు కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి పాకల వైపు ఒక్క కేక వేసింది. కాసేపట్లో మంచులో దోనెలు నీళ్ళల్లోకి జారుతున్న చప్పుళ్ళు, మనుషుల దగ్గులు, సత్తియ్య గొంతు. తర్వాత మొదలైంది. కొల్లేట్లో వేట చేసే వాళ్ళు గెడకర్రతో దోనె అంచుని దబదబా కొట్టి చేపల్ని వల వైపు తోలుతారు. ఆ దెబ్బ నీటి మీద చాలా దూరం వెళుతుంది. ఆ వేళ వలల్లేవు. దోనెలన్నీ ఒడ్డుకి ఆనుకుని కదలకుండా నిలబెట్టి, ఆడా మగా అందరూ ఒకే దెబ్బగా కొట్టడం మొదలుపెట్టారు. దబ్, దబ్, దబ్. నీళ్ళు అదిరాయి, ఒడ్డు అదిరింది, నా కాళ్ళ కింద నుంచి గుండెల్లోకి ఎక్కింది. ఎక్కడో గూడబాతులు రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయాయి.

ఎంతసేపు కొట్టారో చెప్పలేను. చేతులు మార్చుకుంటూ కొట్టారు. చివరికి మంచులోంచి నాన్నగారి గొంతు, "వస్తున్నాం, ఆపకండి, ఆపకండి" అని. తెల్లటి గోడలోంచి ముందు దోనె ముక్కు, తర్వాత అయ్యగారి గొడుగు, ఆ తర్వాత నాన్నగారు పుట్టుకొచ్చారు. అయ్యగారు చలికి పళ్ళు కొట్టుకుంటూనే స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. నాన్నగారు తర్వాత చెప్పారు, వేటలో దెబ్బ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుందనీ, ఇది కదలకుండా ఒక్కచోటి నుంచే వస్తుంటే ఎవరో పిలుస్తున్నారని అర్థమై అటు తిప్పామనీ.

మామ్మ కొడుకు తల తుడిచి, నూకాలు వైపు తిరిగింది. అప్పుడు తోచినట్టుంది ఆవిడకి. పండక్కి చేపలు బాగా పోయే రోజు అది. అంతసేపు అలా బాదాక ఒడ్డు దగ్గరలో ఒక్క చేప ఉండదు.

"ఇవాళ్టి వేటంతా పోయింది కదే అమ్మా" అంది.

నూకాలు ఎర్రబడ్డ అరచేతులు చీరకి తుడుచుకుంది. "ఎసట్లోంచి తీసిందేనండి మామ్మగారూ" అంది.

మామ్మ ఆ అరచేతులు రెండూ తీసుకుని తన కళ్ళకద్దుకుంది. మర్నాడు పండగ మధ్యాహ్నం నూకాలు వాళ్ళంతా మా ఇంట్లోనే తిన్నారు, చేపల కూర లేని క్రిస్మస్ మా ఊళ్ళో అదొక్కటే.

గంట తర్వాత కొన్నేళ్ళకి వచ్చింది. మామ్మ బతికుండగానే వచ్చింది. గూడెం నుంచి దోనెలో తెచ్చి కట్టి మొదటిసారి మోగించినప్పుడు, పెంటపాడు గంటలా ఉందా అని అందరూ ఆవిడ మొహంలోకి చూశారు. తల పక్కకి వాల్చి విని, "బాగుంది. నూకాలు దోనెలా లేదుగానీ" అంది.

ఇప్పుడు ఆ ఊరికి తారు రోడ్డుంది. సరస్సులో సగం చెరువులైపోయింది, గట్ల మీద లారీలు తిరుగుతాయి, తాటిదోనె చూసి ఎన్నేళ్ళైందో. మందిరం మీద మైకు ఉంది, గంట వరండాలో ఒక మూల ఉంది. సున్నం సిలువ కుండలు ఎవరి ఇంట్లోనూ లేవు. కానుకలకి కొదవ లేదు, నేనూ నెలనెలా ఫోన్‌లో మీట నొక్కి పంపుతాను, పంపినట్టు నా కంచానికి తెలియను కూడా తెలియదు.

అందుకే కాబోలు పొద్దున్నే ఈ చెయ్యి గిన్నె మీద ఆగిపోతుంది. పిడికెడు బియ్యం పట్టుకుని నిలబడి ఉంటే, వేపాకు వాసన వెనక నుంచి ఆ దెబ్బ వినపడుతుంది, కదలకుండా, ఒక్కచోటి నుంచే.