తోడు అడగడానికి వెళ్లిన పిల్ల

మా అమ్మాయికి నరసరావుపేట బదిలీ అయి, నాలుగున్నరేళ్ల కూతురిని వెంటబెట్టుకుని మా ఇంట్లో దిగినప్పుడు ఆ పిల్లకు రాని విద్య లేదు. గ్రహాల పేర్లన్నీ వరుసగా చెప్పేది. ఎదుటి మనిషితో మాట్లాడటం ఒక్కటే రాదు. వీధిలో పిల్లలు ఆడుతుంటే గేటు ఊచల మధ్య ముక్కు పెట్టి చూసేది. వాళ్లలో ఒకరు ఇటు తిరిగితే చాలు, పరుగెత్తుకొచ్చి నా కుచ్చిళ్లలో దూరేది. ఆడాలని ఉంది పాపం, అడగడం తెలియదు. బడి తెరిచే రోజు చూస్తే దగ్గరపడుతోంది. చేర్చడానికి తీసుకెళ్లినప్పుడు టీచరు పేరు అడిగిందట, ఇది బల్ల కింద దూరి కూర్చుందట.

మా అమ్మాయి చదువుకున్న మనిషి కనుక పద్ధతిగా మొదలుపెట్టింది. నవ్వే మొహాలు, ఏడ్చే మొహాలు ఉన్న బొమ్మల అట్టలు తెప్పించింది. ఆఫీసు నుంచి రాగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని "హాయ్, నాతో ఆడతావా?" అని ఆ అట్టలను అడిగించేది. పిల్ల గడగడా అప్పజెప్పేది. అట్టలతో ఎంతో కలివిడిగా ఉండేది. అయితే ఆ అట్టలను కూడా అదే బడిలో చేర్పించవే అన్నాను. ఆ పూట నాకు కాఫీ రాలేదు.

నా పద్ధతి వేరు. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఉన్న పెరుగంతా, గిన్నె అంచులతో సహా, నేనే తినేశాను. సాయంత్రం పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, అయ్యో తోడు లేదే అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. దీపాలు పెట్టాక మా వైపు తోడు ఇవ్వరు, పొద్దుండగానే తెచ్చుకోవాలి. నాకేమో మోకాలు పట్టేసింది. అవసరానికి పట్టేసే మోకాలు ఉండటం కూడా ఒక అదృష్టమే.

పిల్ల చేతిలో చిన్న గిన్నె పెట్టి, ఎదురింట్లో తోడు అడిగి తెమ్మన్నాను. నోరు తెరిచి అడగాలి సుమా అంటూ నకరికల్లులోని మా పిన్నత్త సంగతి చెప్పాను. ఆవిడ గీరకు పోయి, మాటామంతీ లేకుండా గిన్నె చాచి తోడు తెచ్చుకుంది. దానికి పాలు అలిగి, పొయ్యి దిగి, గడప దాటి, మళ్లీ గేదె దగ్గరికే వెళ్లిపోయాయి. నేను కళ్లారా చూశాను. దూడ కూడా చూసింది.

పిల్ల అనుమానంగా పాల వైపు ఒకసారి చూసి కదిలింది.

ఎదురిల్లు బళ్లు బాగుచేసే మెకానిక్‌ది. ఆయన భార్య నన్ను అక్కా అంటుంది, ఆరేళ్ల చిన్నకూతురు పెద్దమ్మా అంటుంది. ఆ కూతురే మెట్ల మీద కూర్చుని చింతకాయ చీకుతోంది. మా పిల్ల గిన్నెను వీపు వెనక దాచుకుని, చాలాసేపు నేల చూసి, ఒకే ఒక్క మాట అనడం కిటికీలోంచి విన్నాను.

"తోడు."

"యాడికి?" అంది ఆ అమ్మాయి.

అక్కను కొట్టుకు పంపినా, అమ్మ ఆసుపత్రికి వెళ్లినా ఆ ఇంట్లో తోడు పంపేది దాన్నే. ఆ మాటకు దానికి తెలిసిన అర్థం అదొక్కటే. మా పిల్లకు అదీ తెలియదు, ఇదీ తెలియదు. కాసేపు ఆలోచించి మా ఇంటి వైపు వేలు చూపించింది. ఇంత దూరానికి తోడెందుకని ఆ అమ్మాయి అడగలేదు. లోపలికి ఒక కేక వేసి, చెప్పులేసుకుని, దీని చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూసి మరీ వీధి దాటించింది.

ఇద్దరూ వచ్చి నా ముందు నిలబడ్డారు. గిన్నె ఖాళీ.

"తోడేదే?" అన్నాను.

"ఇదిగో," అని మా పిల్ల ఆ అమ్మాయిని ముందుకు నెట్టింది.

నేను పెరుగు సంగతి చెప్పాక ఆ అమ్మాయి పాలగిన్నెలోకి తొంగి చూసింది. "నన్ను దీంట్లో యేస్తావా ఏంది పెద్దమ్మా?"

గోరువెచ్చగానే ఉన్నాయి, దిగు అన్నాను. ముందు అది నవ్వింది. దాన్ని చూసి మా పిల్ల నవ్వింది. పెరుగు కోసం మళ్లీ ఇద్దరూ కలిసే వెళ్లారు, చీకటి పడేదాకా తిరిగి రాలేదు. నా పాలు పాలుగానే ఉండిపోయాయి.

మర్నాటి నుంచి మా వరండా బస్సయింది. బొమ్మల అట్టలు టిక్కెట్లయ్యాయి. నవ్వే మొహం ఇస్తే గురజాల, ఏడ్చే మొహం ఇస్తే మాచర్ల. మాచర్లకు ఏడుపెందుకో నేను అడగలేదు, మా వియ్యాలవారిది ఆ ఊరే.

వారం తిరక్కుండానే పిల్ల ఏడుస్తూ వచ్చింది. కటీఫ్ అంట. ఇంకెప్పుడూ మాట్లాడదంట. మా అమ్మాయి కంగారుపడి, ఇలాంటప్పుడు ఏం చేయాలో ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. కటీఫ్ చెప్పడానికైనా ఒక మనిషి ఉండాలి కదే, ఊరుకో అన్నాను. ఆమె ఊరుకోలేదు. సారీ ఎంత మర్యాదగా చెప్పాలో పిల్లకు వివరించింది. పిల్ల అంతా విని, ముక్కు తుడుచుకుని, గేటు దాకా వెళ్లి, ఊచలు పట్టుకుని వీధంతా వినపడేలా పిలిచింది.

"ఏమే, రాయే. ఇయ్యాల నువ్వే కండక్టరు."

అలా పిలవకూడదమ్మా అనబోయి మా అమ్మాయి నోరు తెరిచింది. అప్పటికే ఎదురింటి గేటు తెరుచుకుంది.