సీలు తీసిన డబ్బా

హుజూర్‌నగర్‌లో మా నాయినది పురుగుమందుల దుకాణం. చదువైపోయాక బిల్లులు రాయడానికి నేనూ అక్కడే కూర్చునేదాన్ని. వరికి మొగిపురుగు పట్టిందంటే చాలు, అరెకరం కౌలు రైతులు ఖాళీ సీసాలు పట్టుకొని వచ్చేవారు. మందేమో లీటరు డబ్బాలోనే వచ్చేది. నాయిన సీలు తీసి, మూతతో కొలిచి, ఎవరికి కావలసినంత వాళ్లకు పోసేవాడు. అలా విడిగా పోసి అమ్మకూడదని లైసెన్సు కాగితం మీదే ఉంది. ఒకసారి చదివి వినిపించాను కూడా.

"కాగితం జూసి పురుగు ఆగుతదా బిడ్డా?" అన్నాడు.

నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే చాలాసార్లు గరాటు పట్టుకున్నది నేనే.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక వానాకాలంలో వ్యవసాయ అధికారి తనిఖీకి వచ్చి, మా దుకాణంలోనూ ఎదురు దుకాణంలోనూ ఒకే కంపెనీ మందు శాంపిల్ తీశాడు. రెండూ నాసిరకమని పరీక్షలో తేలింది. కంపెనీతో పాటు మా ఇద్దరి మీదా కేసు. ఒకరోజు సమన్లు వచ్చాయి. మందు తయారుచేసింది మేమా? ఆ రోజు ఎదురుపడ్డ ప్రతి మనిషితోనూ కొట్లాడాను.

రెండేళ్లు వాయిదాలకు తిరిగాక, ఎదురు దుకాణం ఆయన మీది కేసును హైకోర్టు కొట్టేసిందని తెలిసింది. కంపెనీ సీలుతో వచ్చిన డబ్బాను ఉన్నదున్నట్టు అమ్మినవాడికి లోపలి సరుకు సంగతి తెలిసే వీలు లేదు, అతని మీద కేసు నిలవదు అని తీర్పు. ఇంకేముంది, గట్టెక్కామనుకున్నాను. నకలు సంపాదించి, మిఠాయి కూడా కొని, నాయినను వెంటబెట్టుకొని వకీలు దగ్గరికి పోయాను.

వకీలు తీర్పు చదివి, శాంపిల్ తీసిన రోజు రాసిన పంచనామా ముందరేసుకున్నాడు.

"సేటూ, శాంపిల్ సీలు తీసిన డబ్బాలకెల్లి తీసిన్రని ఉంది గదా. కింద సంతకం నీదేనా?"

"నాదే. సగం పోసిచ్చిన డబ్బా అది."

"మరి గట్లెట్ల సంతకం పెట్టినవ్?"

"ఉన్నదే రాసిన్రు గదా!" అన్నాడు నాయిన.

లీటరు కొనలేనివాణ్ని పొమ్మన్న ఎదురు దుకాణం ఆయన బయటపడ్డాడు. పోసిచ్చిన మా నాయిన ఇరుక్కున్నాడు. ఒళ్లు మండిపోయింది కానీ ఎవరిని తిట్టాలి? తెరిచిన డబ్బాలో ఏముందో ఎవరు పూచీ పడతారు? పేరైనా రాయని సీసాల్లో విషం పోసి, పిల్లలు తిరిగే ఇళ్లకు పంపామన్న సంగతి అప్పుడు తట్టింది.

వకీలు చెప్పినట్టే నాయిన తప్పు ఒప్పుకున్నాడు. జరిమానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష వేశారు. పొద్దంతా గోడవారగా బల్ల మీద కూర్చున్నాడు, మంచినీళ్లు కూడా అడగలేదు. వరండాలో వకీలు నాతో, "శిక్ష పడ్డది గదమ్మా, ఇగ లైసెన్సు ఉండదు. జర మెల్లగ చెప్పు" అన్నాడు.

"ముందుగాల ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

"చెప్తే ఒప్పుకునేటోడా? జైలు తప్పింది, సంతోషించుర్రి."

సాయంత్రం నాయిన బయటికొచ్చాడు. భయపడ్డట్టు లేడు. తేలికపడ్డట్టున్నాడు.

"పొద్దుగాలకెల్లి గదే ఆలోచన జేస్తున్న బిడ్డా. ఇగ సీలు తియ్యొద్దు. నలుగురు కలిసి ఒక్క డబ్బా కొనుక్కోమందాం, చేను కాడ వాళ్లే కలిసి కొట్టుకుంటరు. రేపటి సంది గట్లనే చెప్త."

ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్లలో మా ఇద్దరికీ తట్టలేదు. కోర్టు మెట్ల మీదే నాయినను ఆపి, రేపు దుకాణం తెరిచేది లేదని చెప్పాను.