ముక్కు లేని వంట

ఈ రోజు మధ్యాహ్నం నా భార్య నిజం చెబితే, పదిహేను మంది ముందు ఆమెను అబద్ధాలకోరును చేశాను. కారంపొడి బూజు వాసన వస్తోంది, కూరలో వేయొద్దు అన్నది ఆమె. నీ ముక్కు చెడిపోయింది అన్నాను నేను. చెడిపోయింది నా ముక్కు. నాలుగేళ్ల కిందట, ఇంటింటా జ్వరాలు వచ్చిన రోజుల్లో పోయిన వాసన నాకు మళ్లీ రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా.

మాది కాజీపల్లిలో చిన్న మెస్. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక వంట. తినేవాళ్లంతా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, నేపాల్ నుంచి వచ్చి లైను గదుల్లో కిరాయికి ఉండేవాళ్లు ఎక్కువ, మా ఊరివాళ్లు తక్కువ. ఆదివారం మాత్రం పప్పు, కూర మానేసి ఒక పరాయి దేశం వంట చేస్తాను. ఈ మెస్ పెట్టకముందు పదకొండేళ్లు గల్ఫ్‌లో లేబర్ క్యాంపు వంటగదిలో పనిచేసినవాణ్ని. ఆ గొప్ప చూపించుకోవడానికి వారంలో ఒక్క రోజైనా కావాలి నాకు.

ఈ ఆదివారం ఇథియోపియా వాళ్ల కోడికూర. సన్నగా తరిగిన ఉల్లిగడ్డను నూనె లేకుండా గంటసేపు వేయించాలి. తర్వాత వెన్న, ఆ తర్వాత గరిటెలకొద్దీ కారంపొడి. అది మాడకుండా చిన్న మంట మీద ఉడుకుతూ ఉండాలి. చివరకు కోడి ముక్కలు, ఉడికించిన గుడ్లు. కారమే ఆ కూరకు ప్రాణం.

నేను డబ్బా మూత తీయగానే ఆమె చపాతీలు చేస్తున్నదల్లా ఆగిపోయింది.

"గా కారం ఎయ్యకు. బూజు వాసనొస్తున్నది."

"కొత్త కారమే అది."

"కొత్తదో పాతదో. తడిసిన సంచి వాసన. జెర వాసన సూడు నువ్వే."

సూడు అన్నప్పుడు నాకు భయం వేసింది. భయం వేస్తే నేను అరుస్తాను. "నీ ముక్కు కరాబైందని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? పాలు ఇరిగినయంటవు, నూనె పాతదంటవు, రోజుకో వాసన! ముక్కు పెట్టి కాదే, చెయ్యి పెట్టి వండాలె!"

బల్లల దగ్గర అంతా ఇటు తిరిగారు. మా ఊరి కుర్రవాడు ఒకడు, ఫ్యాక్టరీలో రెండో షిఫ్ట్‌కు పోయేవాడు, నవ్వాడు. "అక్కా, నీ ముక్కుకు సర్వీసింగ్ చేపియ్యాలె!" ఇంకో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కారం కూరలో కుమ్మరించాను. ఆమె తల వంచుకుని చపాతీ తిప్పింది.

ఈ వంట నాకు నేర్పిన మనిషి ముక్కుతోనే నేర్పాడు. క్యాంపులో ఆ ఇథియోపియా వంటవాడు గిన్నె మీదకు మొహం వంచి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. పచ్చి కారం వాసన పోయి తీపి వాసన వచ్చే ఒక క్షణం ఉంటుందనీ, అప్పుడే నీళ్లు పోయాలనీ వచ్చీరాని హిందీలో చెప్పేవాడు. మా పక్కన కొరియా ఇంజనీర్లకు వండే కొరియా వంటవాడు ఒకడు ఉండేవాడు. వాళ్ల ఎండుమిరపకాయలో మంట తక్కువ, రంగు ఎక్కువ. ఒక్కొక్క కాయను తడిగుడ్డతో తుడిచి, నడిమికి చీల్చి, లోపల వాసన చూసేవాడు. పైన ఎంత నిగనిగలాడినా బూజు లోపల పడుతుందని. నేను వాణ్ని చూసి నవ్వేవాడిని. మా ఊళ్లో బస్తాలకు బస్తాలు అట్లా చీలిస్తే పండగ వెళ్లిపోతుంది అనేవాడిని.

మిరపకాయ ఎవరిది అని ముగ్గురం ఒకసారి పోట్లాడుకున్నాం. మాదంటే మాది. మా అవ్వ చేతి పచ్చిపులుసు గురించి నేను, వాళ్ల నాయనమ్మల వంటల గురించి వాళ్లు. అసలది సముద్రం అవతల అమెరికా ఖండంలో పుట్టిందని, మా ముగ్గురి ఊళ్లకూ ఓడలెక్కి వచ్చిందని ఒక ఇంజనీరు చెప్పాడు. అప్పుడు కొరియా వంటవాడు, "అయితే మనం ముగ్గురం కిరాయివాళ్లమే" అన్నాడు.

నాలుగేళ్ల కిందట ఆ జ్వరం తగ్గాక మొదట పోయింది ఉల్లిగడ్డ వేగే వాసన. వస్తుందిలే అనుకున్నాను. వెల్లుల్లి రాలేదు, కొత్తిమీర రాలేదు, వాన పడితే మట్టి వాసన రాలేదు. మిరపకాయ ఒక్కటే పలికింది. పొయ్యి మీద ఎండుమిర్చి వేగితే దగ్గు వచ్చేది, కళ్ల నీళ్లు వచ్చేవి, నాలుక మండేది. అది వాసన కాదు, మంట. కానీ దగ్గు వస్తే వాసన వచ్చినట్టే ఉండేది. అందుకని ప్రతి కూరలో ఇంకో చెంచా వేస్తూ పోయాను. కూరలన్నీ ఒకే రుచికి వచ్చాయి. తినేవాళ్లు మజ్జిగ ప్యాకెట్లు వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది నా చేతి ఘనత అనుకున్నాను.

ముక్కు లేని వంటవాడి దగ్గర ఎవరు తింటారు? అదీ నా భయం. మా దగ్గర ఒక్కో పూట గాలి తిరిగితే మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన కమ్ముకుంటుంది. అందరూ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. వాళ్లను చూసి నేనూ తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడిని, "అబ్బా, ఏం వాసన" అని వాళ్లతోపాటు తిట్టేవాడిని కూడా.

ఆమె మాత్రం మూత తీయకుండానే పప్పు అడుగంటుతోందని చెప్పగల మనిషి. ఆమె చెప్పిన ప్రతిదీ నేను కాదన్నాను. ఔనంటే, నాకెందుకు తెలియలేదన్న ప్రశ్న వస్తుంది కనుక. కాదని కాదని, చివరకు ఆమెకే తన మీద అనుమానం వచ్చింది. పాలగిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి వాసన చూపించడం చూశాను. కిందటి నెల ఉప్పు డబ్బా వెనక ముక్కులో వేసుకునే చుక్కల మందు సీసా కనబడింది. దాని మీది షాపు చీటీ చూస్తే, నాకు చెప్పకుండా సంగారెడ్డి వెళ్లి డాక్టరుకు చూపించుకుందని అర్థమైంది. ఆ సీసాను చేతిలోకి తీసుకున్నాను, ఎక్కడిది అక్కడే పెట్టేశాను. నా జీవితంలో నేను చేసిన అన్ని తప్పుల్లోకి ఆ సీసాను తిరిగి పెట్టడమే పెద్దది.

ఇక ఈసారి మిరపకాయలు. బస్తా నేనే తెచ్చాను. వానకు తడిసి మళ్లీ ఎండినదట, అప్పుడు నాకు తెలియదు. పైకి ఎర్రగా ఉన్నాయి. ఒకటి కొరికి చూశాను, నాలుక మండింది. నాకు అది చాలింది. పిండి గిర్నీలో పట్టించి తెచ్చాను.

మధ్యాహ్నం కూర వడ్డించాక గదిలో మాటలు తగ్గిపోయాయి. గుడ్లు పక్కకు తీసి కడిగినట్టు తుడుచుకుని తిన్నారు కొందరు. కూర అట్లాగే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ తినలేదు కనుక. ప్యాకింగ్‌లో పనిచేసే నేపాలీ అతను ఒక్కడు, కిటికీ దగ్గర కూర్చునేవాడు, కంచం తెచ్చి నా ముందు పెట్టి మెల్లగా అన్నాడు.

"అన్నా, బురా మత్ మానో, ఏమనుకోవద్దు. మీకు వాసన రాదు కదా?"

"ఎవడు చెప్పిండు?"

"మందుల గాలి వచ్చినప్పుడు మీరు లాస్ట్‌ల ముక్కు మూస్తరు. అందర్ని సూసి మూస్తరు. నాకు గూడ జ్వరంల పోయింది. ఆరు నెలలు. నేను గూడ గట్లనే చేసిన."

ఆమె నా వెనకే మజ్జిగ గిన్నెతో నిలబడి ఉంది. నేను తిరగలేదు. గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు మాత్రం వినబడింది.

అందరూ వెళ్లాక వంటగదిలోకి వెళ్లాను. ఆమె గిన్నెలు తోముతోంది.

"ఎప్పటి సంది?"

"జ్వరమొచ్చినప్పటి సంది."

"నాలుగేండ్లు."

"ఆ."

"పాలగిన్నె వట్టుకోని పక్కింటికి తిరిగిన. ఆమె నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూసింది. ఎర్కేనా నీకు?"

"ఎర్కే."

"ముక్కు డాక్టర్ దగ్గర పొద్దుగాలంత లైన్ల నిలవడ్డ. ఏం లేదమ్మా మంచిగనే ఉందంటే, జెర మల్లా సూడు సారూ, మా ఆయన కరాబైందన్నడు అని నేనే మందు రాయించుకున్న."

"సీసా సూసిన."

ఆమె చేయి ఆగిపోయింది. అప్పటిదాకా నాకు వాసన లేదన్నదే ఆమె విన్నది. సీసా చూశానన్నది కొత్త.

"సూసి ఊకున్నవా?"

నేను తలూపాను.

"రోగమొస్తే పాపం అందురు. నువ్వు నీ రోగం దీసి నాకు పెట్టినవు" అన్నది. మళ్లీ తోముకోవడంలో పడింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికయ్యేది. అదీ ఆమెకు తెలుసేమో.

కారం డబ్బా ఎత్తుకుని వెనక దొడ్లోకి వెళ్లి, గుంట తవ్వి అందులో పోసి మట్టి కప్పాను. పట్టించగా మిగిలిన కాయలు సగం బస్తా ఉన్నాయి. తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. ఒక్కొక్కటి నడిమికి చీల్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాను, కొరియా వంటవాడు చేసినట్టు. మొదట ఆమె మొహం తిప్పుకుంది. తర్వాత ఒక కాయ దగ్గర ఆగి, "ఇది మంచిది" అన్నది. తర్వాతి దానికి, "ఇది పారెయ్యి." మధ్యలో ఒకసారి నా మొహంలోకి చూసింది, నేను కాదంటానేమోనని. నాలుగేళ్లలో నేను చేసిన పని ఆ ఒక్క చూపులో కనబడింది. కాయ మంచిదంటే మంచి కుప్పలో, పారెయ్యమంటే పారేసే కుప్పలో వేశాను. చివరకు మంచి కుప్ప దోసెడు కూడా లేదు.

ఆ తర్వాత బయలుదేరాను. పదిహేను మంది ముందు అన్న మాట పదిహేను మంది ముందే వెనక్కి తీసుకోవాలి. లైను గదుల్లో తలుపు తలుపుకూ నిలబడి చెప్పాను, వచ్చిన హిందీలో, తెలుగులో. కూర పాడు చేసింది నేను, మీ అక్క చెప్పింది నిజం, నాకు నాలుగేళ్లుగా వాసన లేదు. కొందరు పర్వాలేదన్నారు. ఒక ఒడిశా ముసలాయన, "అందుకేనా అంత మిర్చి!" అని కడుపు పట్టుకుని నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేసి నా భుజం మీద చెయ్యి వేశాడు. సర్వీసింగ్ అని నవ్విన మా ఊరి కుర్రవాడు అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ విరామం దాకా నిలబడ్డాను.

"గింతదానికి గేటు దాక వచ్చినవా అన్నా?"

"గింతది కాదు తమ్మీ. రేపు తినేటప్పుడు ఆమెతోని ఒక మాట చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నీ ముక్కు మంచిదక్కా అని చెప్పు."

వాడు ఈసారి నవ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి చుక్కల సీసా ఉప్పు డబ్బా వెనక లేదు. పొయ్యి పక్కన, నేను నిలబడే చోట, ఎదురుగా పెట్టి ఉంది. పారేస్తానంటే వద్దన్నది. "ఉండనియ్యి. రోజు సూడు."

సాయంత్రం తినడానికి వచ్చేవాళ్లకు పచ్చిపులుసు చేయాలి. పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చాలి. నేను ఊచకు గుచ్చి పట్టుకున్నాను. ఆమె ఉల్లిగడ్డ కోస్తూ నా వెనక నిలబడింది. తోలు అక్కడక్కడ నల్లబడింది, నాకు దగ్గు వచ్చింది, కళ్లు మండాయి, మిగతా ఏదీ తెలియలేదు.

"ఇగ దించు" అన్నది.

ఇంకొంచెం కాలాలనిపించింది నాకు. దించాను.