కార్ఖానా పెట్టిన అసలు నంబరు

డిప్లొమా అయిన ఏడాదికి రాజమండ్రిలో ఒక కార్ల వర్క్‌షాపులో చేరాను. తొంభైల చివరి రోజులవి. ఆటోమొబైల్ చదివినా ఆడపిల్లని కాబట్టి నా చేతికి స్పానర్ ఇవ్వలేదు. ఫోనూ, ఏ బండికి ఏం పని చేశారో రాసే జాబ్ కార్డుల కట్టా ఇచ్చి కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. విడిభాగాలకి ఆర్డర్లు రాయడం, వచ్చినవి సరిచూడడం నా పని. ఆ కోపం మొదటి రోజు నుంచీ ఉంది. ఇప్పుడు చెప్పేది దానికంటే పెద్ద కోపం.

ఒకరోజు పొద్దున్నే యానాం రిజిస్ట్రేషన్‌తో ఒక జర్మన్ స్పోర్ట్స్ కారు మా షెడ్డులోకి వచ్చింది. దాని ఆసామికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. బొంబాయిలో ఎవరో బ్రోకరు దగ్గర కొన్నాడట. ఎర్రగా, నేలకి కరుచుకుపోయినట్టుంది కారు. ఇంజను వెనకాల, సామాన్లు పెట్టుకునే అర ముందు. అలాంటి కారుని మేమెవరమూ అంతవరకూ ముట్టుకోలేదు. బ్రేకు తొక్కితే ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్న చప్పుడు. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయి.

"సరికొత్త మోడలండి. బుక్కులో చూసుకోండి," అన్నాడు ఆసామి గర్వంగా.

రిజిస్ట్రేషన్ పుస్తకంలో కారు పేరూ, ఇక్కడ నమోదైన సంవత్సరమూ ఉన్నాయి; ఛాసిస్ నంబరు దగ్గర సిరా అలికిపోయింది. మా ఓనరుగారు ఆ రెండూ చెప్పి మద్రాసు డీలరుకి ఆర్డర్ రాయమన్నారు. నాకు పెన్ను కదల్లేదు.

కోటగుమ్మం దగ్గర పాత పుస్తకాల్లో దొరికే విదేశీ కార్ల పత్రికలు కొని చదవడం నాకు పిచ్చి. ఆ కంపెనీ సంగతి వాటిలోనే చదివాను. దశాబ్దాలుగా ఒకే పేరుతో కారు అమ్ముతున్నారు. లోపల మాత్రం ఎన్నోసార్లు మార్చేశారు. మార్చినప్పుడల్లా కార్ఖానాలో ఇంజనీర్లు దానికి వేరే మూడంకెల నంబరు పెట్టుకుంటారు. అది కారు వెనక ఎక్కడా రాయరు. ఛాసిస్ నంబరులో ఏడో స్థానంలో ఒక అంకె, ఎనిమిదో స్థానంలో ఒకటి, పన్నెండో స్థానంలో ఇంకొకటి పెడతారు. తెలిసినవాళ్ళు ఏరుకుని చదువుకోవాలి. బ్రేకులు తెప్పించాలన్నా ఆ నంబరే ఆధారం. అలాంటప్పుడు కొన్నవాడికి ఒక పేరు, కార్ఖానావాళ్ళకి ఒక నంబరు ఏమిటి? చదివిన రోజే నాకు ఒళ్ళు మండింది.

"ఒక్కసారి కారు మీదే ఛాసిస్ నంబరు చూసి రాద్దామండి. పేరుని బట్టి ఇది ఏ కారో చెప్పలేమండి," అన్నాను.

"పేరుంది, సంవత్సరముంది. ఇంకేం కావాలమ్మా? పుస్తకాల పాండిత్యం ఇక్కడెందుకు? రాసి పంపెయ్."

పంపాను. మూడు వారాలు కారు షెడ్డులోనే ఉంది. చివరికి ప్యాడ్లు వచ్చాయి. వాటిని బిగించే చోటు కంటే అవి వెడల్పుగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే ఓనరుగారు మెకానిక్‌ని పిలిచి, "గ్రైండర్ మీద అంచులు అరగదీసి దూర్చెయ్," అన్నారు. నావైపు తిరిగి, "సరిపోయాయని కార్డులో రాసెయ్యమ్మా," అన్నారు.

"అవి బ్రేకులండీ! కాలవగట్టు మీద ఆయన నడిపే వేగానికి అవి పట్టకపోతే మనిషి మిగుల్తాడా? నేను రాయను."

"నువ్వు రాయకపోతే కారు బయటికెళ్ళదా ఏంటి?" అని నవ్వారు.

ఆ నవ్వే నన్ను లేపింది. మధ్యాహ్నం ఆసామి రాగానే టార్చి పట్టుకుని ఎదురెళ్ళాను. కారు ముందు అర తెరిచి, కింద పరిచిన కార్పెట్ ఎత్తి, రేకు మీద కొట్టిన నంబరు ఆయన చేతే చదివించాను. ఏడోది తొమ్మిది. ఎనిమిదోది ఆరు. పన్నెండోది నాలుగు.

"తొమ్మిదొందల అరవై నాలుగంటే పాత మోడలండి. ఇండియాలో నమోదైంది మాత్రం తరవాత. మీ పుస్తకం చూసి కొత్తదాని ప్యాడ్లు తెప్పించాం. ఇప్పుడు వాటినే అరగదీసి పెడుతున్నారండి."

ఆయన మొహం కందిపోయింది. బ్రోకరుని తిడతాడనుకున్నాను. నామీదే విరుచుకుపడ్డాడు.

"ఎవరడిగారమ్మా నిన్ను? భీమవరమంతా కొత్త మోడలని చెప్పుకున్నాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" తరవాత గొంతు తగ్గించి ఓనరుగారితో అన్నాడు: "సరైనవే తెప్పించండి. ఆ నంబరు మాత్రం ఎక్కడా రాయకండి."

మనిషి ప్రాణం కాపాడదామని చెబితే, ఆయన పరువు తీసినదాన్నయ్యాను!

ఈసారి మూడంకెల నంబరుతో ఆర్డర్ పంపాం. వచ్చిన ప్యాడ్లు చేత్తో నెడితే వెళ్ళి కూర్చున్నాయి. కారు తీసుకెళ్ళే రోజు ఆసామి ఓనరుగారి చెయ్యి పట్టుకుని, "మీరు కాబట్టి కనిపెట్టారండి," అన్నాడు. "ఆయ్, ఎన్ని కార్లు చూశామండి," అన్నారాయన. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరూ నావైపు చూడలేదు.

జాబ్ కార్డులో ఆ మూడంకెలూ ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి ఉంచాను. కారు గేటు దాటగానే ఓనరుగారు ఆ కార్డు చింపి, వేరేది రాయమన్నారు.

"నిజం రాసింది చింపేశారు కదండీ, అబద్ధం మీరే రాసుకోండి," అని పెన్ను బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను.

ధవళేశ్వరం బస్సులో దారంతా ఏడుపొచ్చింది, కోపంతో. ఇంట్లో అమ్మ అంతా విని, "ఇంతకీ ఆయన బ్రేకులు పడుతున్నాయా లేదా?" అంది.

"పడుతున్నాయమ్మా."

"మరింకేంటి? లేచి కాళ్ళు కడుక్కుని అన్నం తిను."

అన్నం తిన్నాను. కోపం మాత్రం పోలేదు. రెండు నెలలకి ఇంకో ఊళ్ళో ఇంకో వర్క్‌షాపులో, స్పానర్ చేతికిస్తేనే చేరతానని చెప్పి మరీ చేరాను.