సిమెంటు గోనె మీద నెమళ్లు

సోమమ్మ సూది పట్టిన ప్రతిసారీ ముందు దాన్ని తలలోకి పోనిచ్చేది. చెవి పైన, నెరిసిన వెంట్రుకలు మొదలయ్యే చోట, రెండుసార్లు. వెంట్రుకల నూనె సూదికి అంటేది. తర్వాత సూదిని వెలుగుకు పట్టి చూసేది. అప్పుడే గుడ్డ మీదికి వంగేది. సంచి మూతి కుట్టే దబ్బనమైనా, భర్త లచ్చయ్య అంగీకి గుండీ కుట్టే సన్న సూదైనా అంతే. ఎంత తొందరలో ఉన్నా ఈ రెండుసార్లూ మానడం ఎవరూ చూడలేదు.

కేతేపల్లిలో ఆమెను పేలాల సోమమ్మ అనేవారు. జొన్నలు నానబెట్టి, ఆరబెట్టి, మంగలంలో వేయించేది. వారానికొకసారి గంప ఎత్తుకుని నకిరేకల్ అంగడికి నడిచేది. తక్కిన రోజుల్లో మూసీ ఒడ్డున కూర్చునేది. అక్కడ ఆనకట్ట లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు వందల మంది. లచ్చయ్య కూడా అక్కడే సిమెంటు బస్తాలు మోసేవాడు.

సోమమ్మ సోలతో కొలిచేది. మొదటి సోలను ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు. కొలత ముగిశాక అడిగినా అడగకపోయినా పిడికెడు తీసి పైన వేసేది. అది కొసరు. కొసరు లెక్కలోకి రాదు. దానికి నోరు పలకదు, కళ్లు చూడవు. చేయి దానంతట అదే గంపలోకి పోయి వచ్చేది. ఇరవై ఏళ్లుగా ఆ చేయి అలాగే పోతోంది.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఊరికి ఒక గ్రామసేవిక వచ్చింది. పేరు కౌసల్య. బెజవాడ వైపు పిల్ల, ఇరవై మూడేళ్లు. పాత చావడిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లను కూర్చోబెట్టి పసిపిల్లల ఒంటి సంగతులు చెప్పేది. సోమమ్మ అక్కడికి పేలాలు అమ్మడానికే పోయింది. ఆడవాళ్లు ఇంకా రాలేదు. కౌసల్య ఒంటరిగా కూర్చుని ఒక గళ్ల గుడ్డ మీద చిలకను కుడుతోంది. పక్కన గళ్ల కాగితం. కాగితంలో ఎన్ని గళ్లు నిండి ఉంటే గుడ్డ మీద అన్ని కుట్లు. సోమమ్మ గంప దించి చాలాసేపు చూసింది.

"గిది దేనికి పనికొస్తది పంతులమ్మా?"

కౌసల్య కాస్త ఆలోచించింది. "దేనికీ రాదండీ. చూసుకోడానికి."

"ఊకె చూసుకోనీకేనా?"

"ఊరికే."

సోమమ్మ నవ్వలేదు. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె చేతులు చేసిన పనులన్నీ దేనికో ఒకదానికి పనికి వచ్చినవే. మంగలం, చేట, కొడవలి, దబ్బనం. ఏదీ ఊరికే కాదు. మరునాడు ఆమె గంప లేకుండా వచ్చింది.

"నాకు నేర్పు."

గళ్ల గుడ్డ ఊళ్లో దొరకదు, నల్లగొండ నుంచి తెప్పించాలి అంది కౌసల్య. సోమమ్మ ఆ గుడ్డను వేళ్ల మధ్య పట్టి సాగదీసి చూసింది.

"గీ బొక్కలు గోనెకు గూడ ఉంటయి గద."

వడ్ల గోనె పనికి రాలేదు. దాని నేత వదులు, కుట్టు జారిపోతుంది. సిమెంటు గోనె నేత దగ్గరగా ఉంటుంది. లచ్చయ్యతో ఒకటి తెప్పించింది. ఏటి ఇసుకలో చెలిమె తోడి, మూడు రోజులు ఉతికింది. బూడిదరంగు నీళ్లు తేటపడే దాకా బండకేసి బాదింది. బండ మీద పరిచి, ముడత పడకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి ఆరబెట్టింది. ఎండిన గోనె తేనె రంగులో ఉంది. పోగులన్నీ తిన్నగా ఉన్నాయి.

దారం కోసం సాలెవాళ్ల వాడకు పోయింది. మగ్గం మీంచి కోసి పారేసే కొసలకు బదులు సోలెడు పేలాలు పోసింది, కొసరుతో సహా. ఎరుపు దొరికింది, నలుపు, పసుపు దొరికాయి. నీలం దొరకలేదు.

దబ్బనంతో మొదలుపెడితే గోనెకు పెద్ద బొక్కలు పడ్డాయి. కౌసల్య తన దగ్గరున్న మొద్దు మొన సూది ఒకటి ఇచ్చింది. నాలుగు పోగులు కలిపి ఎక్కించమంది. కుట్టు ఇటొకటి, దాని మీద అటొకటి. పైకుట్లన్నీ ఒకే వైపు వాలాలి, లేకపోతే రంగు చెదిరినట్టు కనిపిస్తుంది. వెనక ముడి వేయకూడదు, దారం కొసను కుట్ల కిందికి తోసేయాలి. గట్టిగా లాగకూడదు. సోమమ్మకు చివరిది కష్టమైంది. సంచులు కుట్టిన చేయి, బిగించడమే దానికి తెలుసు. మొదటి పువ్వు గోనెను ముడుచుకుని పిడికిలిలా తయారైంది. రెండోది కాస్త విప్పారింది. ఐదోది పువ్వు.

పక్కింటి యాదమ్మ తడిక మీంచి చూసి నవ్వేది. లచ్చయ్య కూడా నవ్వేవాడు.

"గోనె మీద పిట్టను పెడితే పేలాలు తింటదా ఏందే?"

"తినది. నీ లెక్క ఒర్రది గూడ."

లచ్చయ్య బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. ఆ మాట అతనికి నచ్చిందని యాదమ్మ తర్వాత చెప్పింది. ఆనకట్ట దగ్గర పది మందికి చెప్పుకున్నాడట.

వానలు వెనకబట్టాక సోమమ్మ పెద్ద పనికి దిగింది. పీట మీద పరిచే పట్టా. నడుమ ఎదురెదురుగా రెండు నెమళ్లు, చుట్టూ తీగ అంచు. తీగలో పది కుట్లకొక పువ్వు. బొమ్మ కౌసల్య గళ్ల కాగితం మీద గీసి ఇచ్చింది. సోమమ్మకు చదువు రాదు, కాగితం చూసి లెక్క పెట్టగలదు. నీలం లేదు కాబట్టి నెమళ్లు ఎర్రవి.

"ఎర్ర నెమలి ఏ అడివిల చూసినవ్ సోమక్కా?" అంది యాదమ్మ.

"నా గోనెల చూసిన."

పై అంచు కుట్టిన రోజుల్లో కౌసల్య పక్కన కూర్చుని పైకి లెక్క పెట్టింది. తర్వాత సోమమ్మ ఒక్కతే కుట్టింది. నెమళ్లు కుదిరాయి. వాటిలో వరుసలు చిన్నవి, మూడు కుట్లు, నాలుగు, ఆరు. మెడలు వంగాల్సిన చోట వంగాయి. కాముని పున్నమి నాటికి ఎడమ అంచు, కింది అంచు అయిపోయాయి. కుడివైపు ఒక్కటే మిగిలింది.

అప్పుడే కౌసల్యకు ఆలంపూర్ బదిలీ అయింది. పన్నెండు రోజుల్లో పోవాలి. ఆ సంగతి చెప్పడానికి తనే సోమమ్మ ఇంటికి వచ్చింది.

సోమమ్మ పట్టాను అరుగు మీద పరిచింది. "నీకే కుడుతున్న. నువ్వు పొయ్యేలోపు ఇస్త. ఒక్క దిక్కే ఉన్నది." మూలలు సర్ది అంది. "నాకు పని కాని పని నేర్పినవ్. ఇంకెవ్వలు నేర్పలే."

కౌసల్య పట్టాను చేత్తో నిమిరింది. కుడి అంచు ఎక్కడ పడుతుందో చూద్దామని పై మూల నుంచి ఒక దారం తిన్నగా కిందికి పట్టింది. దారం కింది మూలకు రాలేదు. మూల దాన్ని దాటి అవతలికి పోయింది. ఇద్దరూ వంగి లెక్క పెట్టారు. కింది అంచు పై అంచు కంటే పన్నెండు కుట్లు పొడుగు.

"గోనె గుంజుకున్నది," అంది సోమమ్మ.

"గోనె కాదండీ. పువ్వుల మధ్య చూడండి. పైన పది కుట్లు. ఎడమన, కింద పదకొండు. ప్రతిచోటా పదకొండే."

"నేను పదే లెక్కపెట్టిన."

"ఏదీ, ఇప్పుడు కుట్టండి. పైకి లెక్క పెడుతూ."

సోమమ్మ సూదిని తలలోకి రెండుసార్లు పోనిచ్చింది. గోనె మూలన ఖాళీ చోట కుట్టడం మొదలుపెట్టింది. లాభం, రెండు, మూడు. పది అంది. నోరు ఆగింది. చేయి ఆగలేదు. మరో కుట్టు వేసింది. వేసి దారం లాగింది.

కౌసల్య పకపకా నవ్వింది. "కొసరు వేశారు!"

సోమమ్మ నవ్వలేదు. తన చేతిని తిప్పి చూసుకుంది. ఎవరి చేతినో చూసినట్టు చూసింది.

కౌసల్య నవ్వు ఆపింది. "ఏం ఫర్వాలేదు. ఎవరికీ తెలియదు. కుడివైపు కాస్త వాల్చి కుట్టేయండి. నాకు ఇలాగే ఇష్టం."

"తక్కువ కొలత ఎన్నడు ఇయ్యలే," అంది సోమమ్మ. "ఎక్కువైనా అది తప్పు కొలతే బిడ్డా. తప్పుది నేను నీ చేతుల పెట్ట." అంతవరకూ పంతులమ్మా అనేది. బిడ్డా అనడం అదే మొదలు.

ఆ సాయంత్రమే విప్పడం మొదలైంది. రెండు నెలల కుట్టు. కత్తెర పెడితే గోనె పోగు తెగుతుంది. ఒక్కొక్క కుట్టునూ లేపి తీయాలి. లచ్చయ్య పని నుంచి వచ్చి కాసేపు చూశాడు. పెరట్లోకి పోయి తుమ్మముల్లు విరుచుకొచ్చాడు. ఎదురుగా కూర్చుని రెండో కొస నుంచి విప్పసాగాడు. ముల్లు మొన సూది కంటే బాగా పట్టింది.

"నీ కొసరుతోని నా నడుం పోయిందే," అన్నాడు.

"అంగట్ల కొసరుతోనే నువ్వు ఇంత బువ్వ తిన్నవ్."

మూడో నాటికి ఆ రెండు అంచులూ మళ్లీ ఖాళీ అయ్యాయి. తీగ ఉన్న చోట సన్నని నీడ మిగిలింది. ఇంకా తొమ్మిది రోజులు. మూడు అంచులు కుట్టాలి. సోమమ్మ ఆ వారం అంగడికి పోలేదు. ఆ మీది వారమూ పోలేదు. మూసీ ఒడ్డుకూ పోకుండా పొద్దంతా కుట్టింది.

చేయి మాత్రం మాట వినలేదు. పది అనగానే ముందుకు పోతోంది. మొదటి పూట నాలుగుసార్లు పోయింది. కుట్టి విప్పింది, కుట్టి విప్పింది. వేళ్లకు గుడ్డ చుట్టి చూసింది, కుదరలేదు. మధ్యాహ్నం లోపలికి పోయి చిన్న చేటలో పేలాలు పోసుకొచ్చి పక్కన పెట్టుకుంది. పది కుట్లు వేసింది. సూదిని గోనెలో గుచ్చి వదిలింది. చేటలోంచి పిడికెడు తీసి వాకిట్లోని కోడికి విసిరింది. చేయి తన పని తను చేసుకుని తిరిగి వచ్చింది. ఆమె పువ్వు కుట్టింది. మళ్లీ లాభం, రెండు, మూడు.

అలా సాగింది. పది కుట్లు, పిడికెడు పేలాలు. వాకిట్లో ఒక కోడి ఉండేది, మూడు రోజులకు ఐదయ్యాయి. వాడలో కోళ్లన్నిటికీ సంగతి తెలిసిపోయింది.

"నీ తీగ కలుస్తదో లేదో గని సోమక్కా," అంది యాదమ్మ, "నా కోడి నడవలేకపోతాంది."

"జర ఓపిక పట్టుమను. ఇంక రెండు దిక్కులే ఉన్నయి."

పదకొండో రోజు కింది అంచు అయింది. దారం పట్టి చూశారు. ఈసారి మూల మీదికే వచ్చింది. సోమమ్మ వెంటనే కుడి అంచుకు దారం ఎక్కించింది. లచ్చయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. కుడి అంచులో సగం ఆ రోజే పడింది. మిగతా సగం పన్నెండో రోజు. ఎండ వాలే వేళకు తీగ తీగను కలిసింది. కలిసిన చోటు ఎక్కడో కుట్టినామెకే తెలియాలి.

ఆమె పట్టాను మడిచింది. మడిచి కాసేపు ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ విప్పింది. సూదికి పసుపు దారం ఎక్కించింది.

దీపాలు పెట్టకముందే చావడికి పోయింది. కౌసల్య ట్రంకు పెట్టె సర్దుకుంటోంది. పట్టాను అందుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. వేలు పెట్టి నాలుగు అంచులూ లెక్క పెట్టింది. ప్రతి చోటా పది. తర్వాత వేలు కింది మూలలో ఆగింది. అక్కడ అంచుకు బయట, తీగతో సంబంధం లేకుండా ఒక చిన్న పసుపు పువ్వు ఉంది. అది గళ్ల కాగితంలో లేదు.

"ఇదేంటి?"

"అది కొసరు," అంది సోమమ్మ. "కొలత అయినంక పెట్టిన. లెక్కల కలపకు."

కౌసల్య ఆ పువ్వు మీంచి వేలు తీయలేదు.

మరునాడు తెల్లవారగానే నల్లగొండ బస్సు వచ్చింది. చావడి ఆడవాళ్లందరూ రోడ్డు దాకా పోయారు. యాదమ్మ పోయింది. పనికి పోవాల్సిన లచ్చయ్య ట్రంకు పెట్టె మోసి బస్సు మీదికి ఎక్కించాడు. కౌసల్య పట్టాను పెట్టెలో పెట్టలేదు, చేతిలోనే పట్టుకుంది. సోమమ్మ కోసం రోడ్డు వెంట చూసింది. బస్సు కదిలేదాకా చూసింది.

సోమమ్మ అప్పుడు మూసీలో ఉంది. ఇసుకలో చెలిమె తోడింది. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి, మరో సిమెంటు గోనెను బండకేసి బాదుతోంది. నీళ్లు బూడిద రంగులో పారాయి. కొంతసేపటికి తేటపడ్డాయి. ఆమె గోనెను పిండి, బండ మీద పరిచి, నాలుగు రాళ్లు వెతికి నాలుగు మూలలా పెట్టింది.